గద్దె మీదికి రాని మైళ్ళు

తాండూరులో సోమేశ్వర్ గారి దుకాణంలో ఒక ఆచారం ఉంది. వ్యాపారం పని మీద పొరుగూరు వెళ్ళి వచ్చిన ఇంటి మనిషి, ఎవరైనా సరే, కాళ్ళు కడుక్కోకముందే సంచిని గద్దె మీద విప్పాలి. గద్దె అంటే ఆయన కూర్చునే తెల్లబట్ట పరుపు. ఖర్చులు పోను మిగిలిన డబ్బు, బేరగాళ్ళు కప్పిన శాలువా, హోటలు గదిలో పెట్టిన సబ్బుబిళ్ళ, ఎగ్జిబిషన్‌లో పంచిన పెన్నులు అన్నీ ఆ పరుపు మీద పరచాలి. దుకాణం ఖర్చుతో వెళ్ళినవాళ్ళు తెచ్చింది దుకాణానిదే అని ఆయన తాతగారు పెట్టిన కట్టడి అది. ఆయన్ని పిసినారి అనుకునేరు, ఎంతమాత్రం కాదు. సబ్బుబిళ్ళ వంటమనిషికి వెళ్తుంది, పెన్ను గుమాస్తాకు వెళ్తుంది, శాలువా ఎవరి ఇంటి పెళ్ళికో వెళ్తుంది. ఒక్క పిన్నుసూది కూడా ఆయన తనకోసం ఉంచుకోడు. కాకపోతే ఏదైనా ఆయన చేతుల మీదుగానే వెళ్ళాలి.

వినీత ఆ ఇంటి పెద్దకోడలు. పుట్టిల్లు పరిగి. సోమేశ్వర్ గారిది నాపరాళ్ళ వ్యాపారం. క్వారీ నుంచి బండలు తెప్పించి, కోయించి, పాలిష్ పట్టించి లారీలకెక్కిస్తారు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో, భర్త అనిల్‌కుమార్ కొచ్చి వెళ్ళాల్సిన రోజునే పాలిష్ యంత్రం మొరాయించింది. మామగారికి మోకాళ్ళ నొప్పులు. మరిది సాయికిరణ్ అప్పటికి స్కూలు పిల్లాడు. "నేను పోయొస్త" అంది వినీత. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. రైలెక్కి వెళ్ళిన మనిషి రెండు లారీల ఆర్డరు పట్టుకొచ్చింది. దాంతో నవ్వులు ఆగిపోయాయి గానీ ప్రయాణాలు ఆగలేదు. జైపూర్, భువనేశ్వర్, అహ్మదాబాద్, మళ్ళీ కొచ్చి. రైళ్ళు పోయి విమానాలు వచ్చాయి. పదకొండేళ్ళయింది. ఏ ఊరు వెళ్ళినా ఆమె చూసింది ఎయిర్‌పోర్టు, హోటలు, కస్టమరు గోదాము. కొచ్చిలో సముద్రం బాగుంటుందని ఆమెకు కస్టమర్లు చెప్పగా తెలుసు.

ఒకసారి విమానంలో పక్క సీటావిడ అడిగింది, ఇన్ని సార్లు తిరుగుతున్నావు కదా, మెంబర్షిప్ తీసుకున్నావా అని. తీసుకుంటే ఎగిరిన దూరానికల్లా మైళ్ళు జమ అవుతాయి, అవి తగినన్ని పోగైతే టికెట్టుకు డబ్బు పెట్టనక్కర్లేదు. వినీత ఆ రోజే ఫోనులో తన పేరు నమోదు చేసుకుంది. ఆ ఫోను దుకాణానిది, స్కూటీ అనిల్ పేరు మీదుంది, బ్యాంకు లాకరు అత్తగారి పేరు మీదుంది. ఆ మైళ్ళ పక్కన మాత్రం వినీత అని ఉండేది. అప్పుడప్పుడు ఊరికే తీసి చూసుకునేది. దాచిపెట్టాలని ఆమె అనుకోలేదు. సంచిలోంచి తీసి పరుపు మీద పెట్టగలిగే వస్తువు కాకపోవడంతో ఆ మాటే రాలేదు, అంతే.

ఈ ఏడు అవి దూరప్రయాణానికి రెండు టికెట్లకు సరిపడా అయ్యాయి. బంట్వారంలో టీచరుగా ఉన్న చెల్లెలు అంకితను తీసుకుని అండమాన్ వెళ్ళాలనుకుంది. బండల నమూనాలు మోయకుండా, ఎవరికీ రేటు చెప్పకుండా నాలుగు రోజులు. ఆ మాట పట్టరాని సంతోషంతో అనిల్‌కు చెప్పింది. అనిల్ అమాయకుడు. మరునాడు దుకాణంలో మాటల మధ్య "వినీ దగ్గర విమానం మైళ్ళు మస్తుగున్నయట నాన్నా" అని తండ్రితో అనేశాడు. అండమాన్ సంగతి అనడం మరిచిపోయాడు. సోమేశ్వర్ గారి దృష్టిలో ఆ క్షణానే మైళ్ళు గద్దె మీదికి వచ్చేశాయి.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. సాయికిరణ్‌కు పెళ్ళయి రెండు నెలలు కాలేదు. అతను పళ్ళెం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో నొక్కుతున్నాడు. అతని భార్య రచన సిగ్గుపడుతూనే అందులోకి తొంగిచూస్తోంది. వినీత పప్పు వడ్డిస్తుంటే ఆమె ఫోను టింగుమంది.

"నీ ఫోన్‌ల ఓటీపీ వచ్చింటది, జర చెప్పు బిడ్డా" అన్నారు సోమేశ్వర్ గారు రొట్టె తుంచుతూ.

"దేనికి మామా?"

"గదే, నీ మైళ్ళు. పోరగాళ్ళు బాలి పోతరట. సాయి టికెట్లు జేస్తున్నడు. మన విమానం టికెట్ల మీద పంపిస్తనని వియ్యంకునికి గూడ జెప్పిన."

వినీత గరిటెను గిన్నెలో వదిలేసి ఫోను తీసి చూసింది. ఆరంకెలున్నాయి. అనిల్ వైపు చూసింది. అనిల్ పళ్ళెంలో ఉన్న పచ్చిమిరపకాయను అంత శ్రద్ధగా ఎప్పుడూ పరిశీలించి ఉండడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది.

"చెప్ప."

ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందెవరూ వినలేదు. ఆమె వేళాకోళం ఆడుతోందనుకున్నారు. సాయికిరణ్ "టైమైపోయింది వదినా, ఇంకోసారి పంపిన" అన్నాడు. ఫోను మళ్ళీ టింగుమంది. వినీత దాన్ని బోర్లా తిప్పి రచన పళ్ళెంలో పప్పు వేసింది.

"ఇయ్యరాదె, తినేకాడ గీ లొల్లేంది?" అంది అత్తగారు కౌసల్యమ్మ.

"అది నా ప్రయాణం అత్తమ్మా. నేను, అంకిత అండమాన్ పోదామనుకున్నం."

సోమేశ్వర్ గారు కోప్పడలేదు. ఆయనకు కోపం రాదు, అదే చిక్కు. కోప్పడే మనిషితో పోట్లాడొచ్చు. ఆయన మెత్తగా నచ్చజెబుతాడు. "నీది నాది అనేది మనింట్ల ఎప్పుడన్న ఉండెనా బిడ్డా? టికెట్లు ఎవల పైసల్తోని కొన్నం? దుకాణం పైసల్తోని. మరి దాని మీద వచ్చింది దుకాణానిదే గద. నువ్వు అండమాన్ పోతనంటే వచ్చే ఏడు నేనే పంపిస్త. కావాలంటే ఆడిటర్ సాబ్‌ను అడుగు, ఆయన గూడ గిదే జెప్తడు."

"అడుగుదాం మామా. రేపే పోదాం. నేను గూడ వస్త."

"నువ్వెందుకు?"

"ఆఫీసు పని మీద తిరిగి సంపాదించిన మైళ్ళు సొంతానికి వాడుకుంటే దాని మీద పన్ను పడుతదా పడదా అని మొన్న ఎయిర్‌పోర్టుల చదివిన. పడితే ఎవల మీద పడుతదో అడుగుదాం. నా మీద పడితే కడత. పన్ను నేను కడితే మైళ్ళు నావి."

లోకంలో జనం పన్ను ఎలా తప్పించుకోవాలా అని ఆడిటరు దగ్గరికి వెళ్తారు. పన్ను నా మీద వేయండి మహాప్రభో అని వెళ్ళే మనిషిని సోమేశ్వర్ గారు తన అరవై ఎనిమిదేళ్ళ వయసులో చూడలేదు. ఆయన చెయ్యి కడుక్కుని "సరే" అన్నారు. ఆడిటరు తన మాటే అంటాడని ఆయనకు పూర్తి ధీమా.

మరునాడు పొద్దున బయల్దేరుతుంటే కౌసల్యమ్మ ఒక టిఫిన్ డబ్బా తెచ్చి వినీత చేతిలో పెట్టింది. "పోంగనే మాట్లాడకు, ముందు తిను. ఆకలి మీదుంటే మాట జారుతది" అంది. ఆవిడ ఎటువైపో వినీతకు అంతుపట్టలేదు.

అనిల్ కారు నడిపాడు. మామగారు ముందు సీట్లో కూర్చుని పెద్దేముల్ దాటకముందే కునుకు తీశారు. అప్పుడు అనిల్ అద్దంలోంచి భార్యను చూసి గొంతు తగ్గించి అన్నాడు, "నేను జెప్పకపోతే గిదంత కాకపోతుండె. తప్పు నాదే వినీ."

"మీ ఇంట్ల అందరు జేసే పనే జేసినవ్. సంచి విప్పినవ్. కాకపోతే నీది గాదు, నాది" అంది వినీత. అనిల్ మళ్ళీ అద్దంలోకి చూడలేదు. అనంతగిరి మలుపుల్లో ఆమెకు భయం వేసింది. ఆడిటరు మామగారి మాటే సమర్థిస్తే ఏం చేయాలి? ఇంట్లో ఇక తలెత్తుకోగలనా? అయినా వెనక్కి వెళ్దామన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆడిటరు అరుణ్‌కుమార్ ఆఫీసు వికారాబాద్‌లో స్టేషనుకు వెళ్ళే దారిలో, ఒక మందుల షాపు పైన. నలభై దాటిన మనిషి. సోమేశ్వర్ గారి లెక్కలు చూసిన పాత ఆడిటరు చనిపోయాక ఆయన శిష్యుడిగా ఈయన చూస్తున్నాడు. చాయ్ తెప్పించి, కథంతా విని, ముందు నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడంతో తనూ ఆపేశాడు.

"సేటూ, గీ మైళ్ళ సంగతి ఎవలు ఇంతదాంక అడగలే. మైళ్ళు గిట్ల గిట్ల అని చట్టంల సాఫ్‌గ రాసి లేదు. ఉద్యోగం మీద తిరిగినోళ్ళు సొంతానికి వాడుకుంటున్నరు, ఎక్కువమంది ఎక్కడ జూపిస్తలేరు. కాని లెక్కగ ఆలోచిస్తే రెండే తొవ్వలు. ఆ మైళ్ళు కంపెనీయి, కంపెనీయే తన ఉద్యోగికి ఇచ్చింది అంటే, అది జీతం పైన ఇచ్చిన సౌకర్యం కింద లెక్క. కారు ఇచ్చినట్టు, ఇల్లు ఇచ్చినట్టు. విలువ కట్టి ఉద్యోగి జీతంల కలుపుకోని పన్ను కట్టాలె అని అనొచ్చు."

"కడత సార్" అంది వినీత.

"ఆగండమ్మా. మీ జీతమెంత?"

అరుణ్‌కుమార్ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. సంవత్సరం సంవత్సరం ఆ లెక్కలు రాసేది తనే. తన ప్రశ్నకు జవాబు తనకే తెలుసని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"జీతమేంది? ఇంటి మనిషికి జీతమా?" అన్నారు సోమేశ్వర్ గారు.

"అదే సేటూ. అనిల్ మీతోపాటు పార్టనరు, సగం వాటా. సాయికి గూడ నిరుడు ఇంత రాసినం. ఈమె కాయితం మీద ఎవలు గాదు. ప్రయాణ ఖర్చుల్ల టికెట్లున్నయి, మనిషి లేదు. ఉద్యోగి గానప్పుడు కంపెనీ ఇచ్చిన సౌకర్యం అనే మాట యాడికెల్లి వస్తది? ఇగ రెండో తొవ్వ. విమానం కంపెనీ తన ప్రయాణికురాలికి ఇచ్చుకున్న బహుమానం అది. దాంట్ల మీకు మాటే లేదు."

వినీత గెలిచింది. సాయంత్రానికి అండమాన్ టికెట్లు తీసుకోవచ్చు. అయినా ఆమెకు సంతోషం కలగలేదు. కాగితం మీద ఎవరూ కాదు అన్న మాట గుండెలో గుచ్చుకుంది. అది అబద్ధమైతే కోపం వచ్చేది. నిజం కావడంతో ఏడుపు వచ్చింది. ఏడవలేదు.

సోమేశ్వర్ గారు వ్యాపారి. బేరం ఎటు తిరిగిందో ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది. "సరే పోనీ. గా మైళ్ళు నువ్వే వాడుకో బిడ్డా. గింత దానికి పంచాయితీ ఎందుకు? లే, పోదాం" అని కర్ర అందుకున్నారు.

వినీత లేవలేదు.

"నన్ను కాయితం మీద రాయిండ్రి మామా."

"ఏం రాయాలె?"

"జీతం. నేను జేసే పని ఏందో, దానికి ఎంతనో. పన్ను పడితే పడనియ్యి."

అనిల్ కుర్చీలో కదిలాడు. తండ్రి ముందు నోరెత్తి ఎరగని మనిషి, ఈసారీ నీళ్ళు నములుతాడనే వినీత అనుకుంది. "రాద్దాం నాన్నా" అన్నాడతను. ఆ రెండు మాటలనడానికే అతనికి చెమటలు పట్టాయి.

"రాయొచ్చు. కాని ఒక చిక్కుంది" అన్నాడు అరుణ్‌కుమార్. "భర్తకు గింత వాటా ఉన్న కంపెనీల భార్యకు జీతమిస్తే, డిపార్టుమెంటోళ్ళు దాన్ని భర్త ఆదాయంలనే కలుపుతరు. పేరుకు ఆమె జీతం, లెక్కకు ఆయన ఆదాయం. అట్ల కలపొద్దంటే, ఈమెకున్న పనితనం వల్ల, అనుభవం వల్లనే గా జీతం ఇస్తున్నమని మనం నిరూపించాలె. ఇంటి కోడలని కూసోబెట్టి ఇచ్చిన పైసలు గావని. సేటూ, మీరు చెప్పాలె. ఈమెకు ఏమొస్తది?"

అత్తవారింట్లో వినీతను బాగున్నావా అన్నారు, తిన్నావా అన్నారు, ఎప్పుడు పోతున్నావన్నారు. ఏమొస్తది అని మాత్రం ఆమె ఎదుట ఎవరూ అడగలేదు. ఆమె మామగారి మొహం చూడలేక కిటికీలోంచి రోడ్డు మీది ఆటోలను చూసింది.

సోమేశ్వర్ గారు కర్రను మళ్ళీ గోడకు ఆనించారు. అబద్ధం ఆడడానికి ఆయనకు అవకాశం ఉంది. ఏమీ రాదు, ఊరికే పోయి వస్తుంది అంటే జీతం మాట అక్కడికక్కడే తేలిపోయేది.

"కొచ్చిల ఒక పెద్ద బిల్డరుండె సాబ్" అని మొదలుపెట్టారు. "లారీ లోడు పరిచినంక రంగు ఒక తీరుగ లేదు, అంత మర్ల తీస్కపొమ్మన్నడు. మా అనిల్ రేటు తగ్గిస్తమని ఫోన్ జేసిండు. నేను గూడ తగ్గియ్యమన్న. ఈమె పోయింది. బండలల్ల ఇంక తడి ఉంది, ఆరేదాంక ఆగు, అప్పటికి గూడ రంగు కలువకపోతే నేనే తీపిస్త అని వానితోని చెప్పి ఆడనే కూసుంది. వారమాయె. రంగు కలిసింది. రేటు ఒక్క రూపాయి తగ్గలే. ఇప్పుడు వాడు ఏ బిల్డింగు కట్టినా మా బండే."

అరుణ్‌కుమార్ రాసుకుంటున్నాడు. సోమేశ్వర్ గారు ఆగలేదు. భువనేశ్వర్‌లో ముంచేసి పోయేవాడిని ఈమె మొదటి రోజే ఎలా పసిగట్టిందో చెప్పారు. మలయాళం ముక్క రాకుండా వెళ్ళి ఇప్పుడు మేస్త్రీలతో ఎలా మాట్లాడుతుందో చెప్పారు. చెప్పేకొద్దీ ఆయన గొంతు పెద్దదయింది. ఆయన తడుముకోకుండా చెప్పే తీరు చూస్తే, ఊళ్ళో వాళ్ళ దగ్గర ఇవన్నీ చెప్పుకుంటాడని, తన ముందు మాత్రం ఎన్నడూ అనలేదని వినీతకు అప్పుడే తెలిసింది. ఆమెకు ఎంత ఆనందం కలిగిందో అంత కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?

"సగం యాపారం ఈమెదే సాబ్" అని ముగించి, తను ఏమన్నాడో తనకే వినబడినట్టు సోమేశ్వర్ గారు చల్లారిన చాయ్ గటగటా తాగేశారు.

"చాలు సేటూ, గింతకంటే ఏం గావాలె. మార్కెటింగ్ మేనేజర్ అని రాస్త. జీతం, ఈ పనికి బయట ఎంతిస్తరో అంత రాయాలె. ఎప్పట్నుంచి?"

"పదకొండేండ్ల నుంచి" అంది వినీత.

అరుణ్‌కుమార్ కలం ఆపి తల అడ్డంగా ఊపాడు. "వెనకటిది రాయనీకి రాదమ్మా. పోయిన లెక్కలన్నీ మూసినం. ఇయ్యాల్టి నుంచే."

ఆమె తలూపింది. పోయిన ఏళ్ళు పోయినట్టే. మాటలు పెంచితే అవి తిరిగి రావు. ఇవాళ్టి నుంచైనా తను ఒకరు. అరుణ్‌కుమార్ చూపించిన చోట ఆమె పాన్ నంబరు రాసింది. ఆ నంబరు అంతకుముందు బ్యాంకులో దుకాణం అప్పుకు హామీ సంతకం చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

ముగ్గురూ మెట్లు దిగారు. అనిల్ కారు తేవడానికి వెళ్ళాడు. మందుల షాపు ముందు నీడలో సోమేశ్వర్ గారు కర్ర మీద వంగి నిలబడ్డారు. వియ్యంకుడికి ఇచ్చిన మాట ఆయన్ని తొలుస్తోందని వినీతకు తెలుసు. ఊళ్ళో ఆయన మాట ఇంతవరకు పోలేదు.

"వినీతా" అన్నారు. గద్దె మీద కూర్చుని పిలిచే గొంతు కాదది. "బాలికి పోరగాళ్ళను పంపిస్తనని అన్న గద. గా మైళ్ళు... జర ఇస్తవా?"

ఆయన ఆమెను ఏదైనా అడగడం అదే మొదలు. అంతవరకు చెప్పేవారు, లేదా ఇచ్చేవారు. తెల్లటి కనుబొమల కింద ఆయన కళ్ళు బిడియంగా ఉన్నాయి. వినీతకు జాలేసింది. నాలుక చివరిదాకా 'తీసుకోండి' అన్న మాట వచ్చింది. ఆ ఇంట్లో ఎవరు మెత్తగా అడిగినా అందరూ అదే మాట అంటారు. ఆమె ఆ మాటను మింగేసింది.

"పదకొండేండ్ల నుంచి నా పేరు మీద మిగిలింది గా మైళ్ళే మామా. నేనియ్య."

సోమేశ్వర్ గారు ఆమెను తేరిపార చూశారు. రేటు దిగని బేరగాడిని ఆయన అలాగే చూస్తాడు, కోపంగా కాదు, లెక్క వేసుకుంటూ. కారు వచ్చి ఆగింది. ఆయన ముందు తలుపు తీసుకుని, ఎక్కకుండానే కొడుకుతో అన్నారు.

"బాలి టికెట్లు ఎంతైతయో సాయిని అడుగు. పైసలు పెట్టి కొందాం."